కాలువలు కట్టేశాక కోనసీమ పిట్టలు

మొదటి రోజు: ధవళేశ్వరం, పిచ్చుకలంక

సంక్రాంతికి పిలిస్తే రానివాణ్ని, రోహిణి కార్తె ఇంకా మూడు రోజులుందనగా దిగుతున్నానంటే మా బావకు అనుమానం వచ్చింది. పొలం అమ్మకానికి పెడుతున్నానేమోనని ఫోనులోనే రెండుసార్లు అడిగాడు. పిట్టలను చూడటానికి వస్తున్నానని చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "బావా, టోపీ తెచ్చుకో" అని మాత్రం అన్నాడు.

కోనసీమ అనగానే అందరికీ పచ్చదనమే కళ్లముందు కదులుతుంది. ఏడాదిలో ఓ నెలన్నర పాటు ఇక్కడ కూడా మెట్టసీమే నడుస్తుందని బయటివాళ్లకు తెలియదు. దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. బోదెలు ఎండుతాయి, చేలు నెర్రెలు విచ్చుతాయి, మధ్యాహ్నం వడగాలి కొడుతుంది. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఇంతే. ఈ నెలన్నరలో పిట్టలు ఎలా బతుకుతాయో చూడాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో దిగేసరికి బావ మోటారు సైకిలు మీదే కునుకు తీస్తున్నాడు. ఆరింటికల్లా బ్యారేజీ మీద ఉన్నాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది ఇది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. ఎగువన గోదారి సముద్రంలా నిలబడి ఉంది. దిగువన చూస్తే నల్లరాళ్లు, మడుగులు, ఇసుక. ఒకే నది ఇటు చూస్తే ఒకటి, అటు చూస్తే ఒకటి.

రాళ్ల మీద నీటికాకులు రెక్కలు బార్లా చాపి, బట్టలు ఆరేసినట్టు నిలబడ్డాయి. మునిగి చేపలు పట్టే ఈ పిట్ట ఈకలు బాతు ఈకల్లా నీటిని విదిలించుకోవు, నానిపోతాయి. బరువెక్కితే మునగడం తేలిక. దానికి మూల్యం ఈ ఆరబెట్టుకోవడం. ఆరున్నరకే గొంతు కింది తోలు టకటకా అదురుతోంది. పిట్టలకు చెమట పట్టదు కదా, నోరు తెరిచి ఆ పలచని తోలును ఆడిస్తే లోపలి తడి ఆవిరై ఒంట్లో వేడి తగ్గుతుంది. ఎండాకాలం కాకి నోరు తెరుచుకుని కూర్చునేదీ ఇందుకే. దాహంతోనే అనుకుంటాం.

బొబ్బర్లంక దారిలో తీగ మీద పాలపిట్ట కనిపించింది. 2018 దాకా మన రాష్ట్రపక్షి ఇదే. తరువాత ఆ పదవి రామచిలుకకు పోయింది. దసరానాడు పాలపిట్టను చూసి దండం పెట్టుకునేవాళ్లు దాన్ని మే నెలలో చూస్తే ఆశ్చర్యపోతారు. అప్పుడు తీగ మీద మౌనస్వామిలా కూర్చునే పిట్ట, ఇప్పుడు నిట్టనిలువునా పైకి లేచి, గొంతు చించుకుంటూ, అటూ ఇటూ దొర్లుతూ కిందికి పడుతోంది. పడుతున్నప్పుడు రెక్కల్లోని రెండు నీలాలూ విడివిడిగా మెరుస్తాయి. ఇదంతా పక్క తాటిచెట్టు మీద కూర్చున్న ఆడపిట్ట కోసం. ఆ ఆడపిట్ట మాత్రం వేరే వైపు చూస్తోంది. "పాపం" అన్నాడు బావ, పిట్టల విషయంలో మొదటిసారి.

పిచ్చుకలంకలో ఊరపిచ్చుక ఒక్కటీ కనిపించలేదు. పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్ల మాట పూర్తిగా పోకుండా పొట్టి పిచ్చుకలు కాపాడాయి. నిజానికి ఇవి పిచ్చుకలు కావు, భరతపక్షి జాతివి. మగదానికి పొట్ట నల్లగా, ముఖాన కాటుక పూసినట్టు ఒక పట్టీ. గాల్లోకి లేచి, ఒక్కసారిగా రెక్కలు ముడిచి సన్నని ఈల వేస్తూ జారి, నేలకు జానెడు ఎత్తులో మళ్లీ లేస్తుంది. నేల మీద వాలిందా, ఇక వెతుక్కోవలసిందే. తొమ్మిదింటికి ఓ కంచె గుంజ నీడలో రెండు పిట్టలు కనిపించాయి. ఆ నీడ నా బొటనవేలంత వెడల్పు. పది నిమిషాలకు నీడ జరిగితే అవీ అంతే జరిగాయి. మేము చింతచెట్టు కింద, అవి గుంజ కింద.

రెండో రోజు: ముక్తేశ్వరం రేవు ఎదురుగా ఇసుక తిన్నె

రాత్రి మా మేనత్త ఇంట్లో కొత్తావకాయ, పెరుగన్నం. "మే నెలలో పిట్టలేమిటిరా, అవన్నీ చలికాలంలో కదా వచ్చేది?" అంది. సగం నిజమే. చలికాలంలో వచ్చేవి చుట్టాలు. నేను చూడాలనుకున్నది ఇంటివాళ్లను.

నాలుగున్నరకే లేచి రేవుకు వెళ్లాం. గౌతమి పాయకు ఇటు ముక్తేశ్వరం, అటు కోటిపల్లి. పంటు కోసం ఆగకుండా, బావకు తెలిసిన నాటుపడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపే ఆయనకు అరవై దాటాయి. బావ బాబాయ్ అంటాడు కాబట్టి నేనూ అదే అన్నాను. నడిమధ్య తేలిన ఇసుక తిన్నె దగ్గర పడవ ఆపి, "అడుగు చూసి వేయండి బాబూ, గుడ్లుంటాయి" అన్నాడు. నాకు ఎక్కడా ఏమీ కనిపించలేదు. ఆయన వంగి చూపిస్తే గానీ, నా కాలికి మూరెడు దూరంలో ఉన్నవి గుడ్లని తెలియలేదు.

గూడంటూ ఏమీ లేదు. రొమ్ముతో ఒత్తి చేసిన చిన్న పల్లం, అరచేయంత. అందులో మూడు గుడ్లు. ఇసుక రంగు మీద గోధుమ, బూడిద రంగు మరకలు. టెర్న్ గుడ్లు అవి. మన పాత పేరు రామదాసు. నల్లటి టోపీ, పసుపు ముక్కు, ఎర్రటి పొట్టి కాళ్లు, చీలిన తోక. అప్పటికే రెండు పిట్టలు మా నెత్తి మీదికి దూకుతూ కేకలు పెడుతున్నాయి. గబగబా వంద అడుగులు వెనక్కి వెళ్లి, గొడుగు వేసుకుని కూర్చున్నాం. గుడ్ల దగ్గర మనిషి నిలబడిన ప్రతి నిమిషం అవి ఎండలో ఉడుకుతాయి. ఫొటో కోసం అక్కడే నిలబడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఏడున్నర దాకా తల్లి గుడ్ల మీద మామూలుగానే కూర్చుంది. ఎనిమిదిన్నరకు లేచి నిలబడింది. రెక్కలు కొంచెం దించి, ఒంటి నీడ సరిగ్గా గుడ్ల మీద పడేలా సూర్యుడి వైపు వీపు పెట్టింది. పొదగడమంటే వెచ్చగా ఉంచడమనే మనం చదువుకున్నాం. ఈ తిన్నె మీద పగటిపూట పొదగడమంటే గొడుగు పట్టడం. తొమ్మిది దాటాక జంటలో రెండోది నీటి మీద తక్కువ ఎత్తున ఎగురుతూ వచ్చి, పొట్ట నీళ్లకు తాకించి, మళ్లీ తాకించి, తడిపొట్టతో వచ్చి కాపలా మార్చుకుంది. మా అత్త పెరుగు కుండకు తడిగుడ్డ చుడుతుంది. సూత్రం ఒకటే.

ఇంతకన్నా దగ్గరగా చూసింది తీతువును. తిన్నె చివర ఎవరో పుచ్చపాదులు వేశారు. ఆ పక్కన ఎండిన మట్టి పెళ్లల మధ్య ఎర్ర తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. నాలుగింటి సన్నని కొసలూ లోపలికి, కోసిన పుచ్చముక్కలు పళ్లెంలో పేర్చినట్టు. అలా పేరిస్తేనే నాలుగూ ఒక పొట్ట కిందికి వస్తాయి. మమ్మల్ని చూడగానే అది గూటికి దూరంగా పరుగెత్తి, లేని చోట గుడ్లు ఉన్నట్టు కూర్చుంది. బావ నమ్మి అటు వెళ్లాడు. అక్కడేమీ లేదు. పిట్ట లేచి ఇంకోచోట కూర్చుంది. బావ మళ్లీ వెళ్లాడు. చేపల వ్యాపారంలో ఇంత తేలికగా మోసపోడని ఆయన తరఫున చెబుతున్నాను.

మేము పాదుల వెనక నక్కాక పావుగంటకు అది స్థిమితపడింది. ముప్పై అడుగుల దూరం. పాదులకు పోసిన నీరు ఓ పల్లంలో కొంచెం నిలిచింది. తీతువు గుడ్ల మీద నుంచి లేచి, అటూ ఇటూ చూసి, వేళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచి నీళ్లలోకి దిగింది. తాగలేదు. మోకాళ్లు మడిచి కూర్చుని పొట్టను ఇటూ అటూ ఊపింది. లేచింది, మళ్లీ కూర్చుంది. తరువాత ఒకే పరుగున గూటికి వచ్చి నిలబడితే, పొట్ట ఈకల నుంచి చుక్కలు గుడ్ల మీద పడటం బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపించింది. పడిన చుక్క ఇసుక మీద నల్లగా మారి, మళ్లీ తెల్లబడే లోపే ఇంకొకటి. గంటన్నరలో ఇలా ఐదుసార్లు తిరిగింది.

రోళ్లపాడు మైదానాలకు బట్టమేక పిట్ట పేరు చెప్పుకుని వెళ్లి, అది కనిపించక, సాండ్‌గ్రౌజ్‌లను చూసి తిరిగివచ్చిన సంగతి గుర్తొచ్చింది. పావురానికి, కౌజుకు మధ్యలో ఉంటుంది ఆ పిట్ట. మగది పొట్ట ఈకల్లో నీళ్లు నింపుకుని మైళ్ల దూరం మోసుకెళ్తే, పిల్లలు ఆ ఈకలు చప్పరించి దాహం తీర్చుకుంటాయి. నీళ్లే దొరకని నేల కోసం పుట్టిన విద్య అది. ఇక్కడ నిలువెడు గోదారి పక్కన ఉండి కూడా తీతువు అదే కోవ విద్య చేస్తోంది. నీళ్లు ఉండటం వేరు, నీళ్లు గుడ్ల మీదికి రావడం వేరు.

తీతువు అరుపు అపశకునమని అత్త అంటుంది. రాత్రిళ్లు దీని కూత వినిపిస్తే ఎవరో పోతారట. నేల మీద గుడ్లు పెట్టిన పిట్ట, చీకట్లో నక్క కదిలినా మనిషి కదిలినా అరవక ఏం చేస్తుంది? చావుకబురు మోసుకొచ్చేవాడు రాత్రిపూటే చేలకు అడ్డంపడి వస్తాడు, వాణ్ని చూసి అది అరుస్తుంది. పాతకథల్లో టిట్టిభం ఇదే. గుడ్లు ఎత్తుకుపోయిన సముద్రాన్ని ఎండగడతానని తొడగొట్టిన పిట్ట. కథ విన్నప్పుడు నవ్వుకున్నాను గానీ, సముద్రం ఒడ్డున గుడ్లు పెట్టే ధైర్యం మాత్రం కల్పితం కాదు.

"జులైలో ఎర్రనీరు దిగితే ఈ తిన్నె ఉండదు బాబూ" అన్నాడు బాబాయ్. ఎగువన వానలు పడితే ఒక్క రాత్రిలో మునుగుతుంది. అంతలో గుడ్లు పగిలి, పిల్లలకు రెక్కలు రావాలి. టెర్న్ గుడ్లకు మూడు వారాలు, తీతువు గుడ్లకు దాదాపు నాలుగు. నది పూర్తిగా తగ్గిన రోజులకూ, మొదటి వరదకూ మధ్య ఉన్న ఈ సందులోనే వీటి సంసారమంతా. ఎండకు మనం ఇంట్లో దాక్కునే రోజులు వీటికి పురిటి రోజులు.

పుచ్చపాదుల వాళ్ల బండి గుడ్ల మీద ఎక్కుతుందేమోనని నేనన్నాను. బాబాయ్ పడవలోంచి నిలువెత్తు వెదురు కర్ర తెచ్చి, టెర్న్ గూటికి రెండు బారల దూరంలో గుచ్చాడు. కొసకు ఎర్ర గుడ్డపీలిక కట్టాడు. మంచి పని చేశామని ముగ్గురం అనుకున్నాం.

మూడో రోజు: ఊళ్లోనే

నిన్నటి ఎండకు మెడ కాలింది. ఊరు కదలలేదు, కదలనవసరమూ రాలేదు.

కట్టేసిన కాలువ కాళ్లతో దాటేలా ఉంది. అడుగున అక్కడక్కడా మడుగులు మిగిలాయి. ఈ మడుగుల్లోనే ఏడాది చేపలన్నీ ఇరుక్కున్నాయి. పిల్లలు మట్టగిడసల కోసం బురదలో దిగితే, వాళ్లకు పది అడుగుల అవతల గుడ్డికొంగలు, తెల్లకొంగలు, లకుముకులు. గుడ్డికొంగ ఇప్పుడు అచ్చం పెళ్లికొడుకు. మామూలు రోజుల్లో మట్టి రంగులో గట్టుతో కలిసిపోయేది, మే నెలలో వీపంతా ముదురు ఎరుపు, తల వెనక పొడుగాటి ఈకలు. రంగు మారినా పద్ధతి మారలేదు. అరగంట కదలకుండా నిలబడి, ఒక్క దెబ్బకు చేప తీసింది. చేపను మింగాక నోరు తెరిచి గొంతు ఆడించింది, మళ్లీ నిలబడింది.

ఏటిగట్టు తాటిచెట్టు మీద కల్లుగీసేవాళ్లు కూడా ముట్టని లోకం ఒకటుంది. వేలాడే ఎండుటాకు మడతలో, ఈకలను ఉమ్మితో అతికించి గిన్నె మూతంత గూడు కడుతుంది తాటాకు పిట్ట. కాళ్లు పేరుకే, కొమ్మ మీద కూర్చోలేదు. రోజంతా గాల్లోనే, పురుగులు పట్టుకుంటూ. వడగాలి చెట్టును ఊపేస్తే గూడూ ఊగుతుంది. గుడ్లు ఎందుకు పడవంటే, వాటినీ ఉమ్మితోనే అతికిస్తుంది.

పక్క ఈతచెట్టుకు నిరుటి గిజిగాడి గూళ్లు పదిహేడు. కొత్తవి కట్టే కాలం ఇంకా రాలేదు. పచ్చి ఆకు కావాలి, పచ్చి ఆకుకు వాన కావాలి. ఒక మగపిట్ట మాత్రం తల సగం పసుపెక్కి, పాతగూటి మీద కూర్చుని లెక్కలు వేసుకుంటోంది. గూటి లోపల గిజిగాడు మెత్తే మట్టిముద్దలో మిణుగురులను గుచ్చి దీపం పెడుతుందని చిన్నప్పుడు చెప్పేవారు. ఎనిమిదేళ్లప్పుడు రాత్రిపూట టార్చి ఆర్పి మరీ చూశాను. చీకటే. మట్టి ఉన్నమాట నిజం, దీపం లేదు.

ఆ పాతగూళ్లలో ఒకటి కదిలింది. లోపలినుంచి జీనువాయి తల బయటపెట్టింది. వెండి రంగు ముక్కు, మట్టి రంగు వీపు, పిడికిట్లో పట్టేంత పిట్ట. మెట్టనేలల్లో గడ్డిగింజలు తిని బతికే జాతి. తాను గూడు కట్టగలదు గానీ, గిజిగాడు వదిలేసిన ఇల్లు దొరికితే కట్టదు. అద్దె లేని ఇల్లు, అందులోనూ గట్టి అల్లిక. మగది గడ్డిపోచ తెచ్చి గొట్టంలోంచి దూరడానికి నాలుగుసార్లు ప్రయత్నించింది. పోచ అడ్డంగా పట్టుకుంటే దూరదని ఐదోసారికి తెలిసింది.

సాయంత్రం బావ చెరువుల మీదికి వెళ్లాం. ఇక్కడ మాకు మాట తేడా వచ్చింది. నీటికాకులు రోజూ తనకు ఎంత నష్టం చేస్తాయో బావ లెక్క చెప్పాడు. నేను కాదనలేదు. ఆయన మెరిసే రిబ్బన్లు కట్టాడు, అప్పుడప్పుడు టపాకాయ కాలుస్తాడు. అది సరే. పక్క చెరువు మీద పరిచిన సన్నవలలో మాత్రం ఓ లకుముకి చిక్కి, ఎండకు ఎండి, ఆకులా వేలాడుతోంది. "నాది కాదుగా" అన్నాడు బావ. తరువాత తనే వెళ్లి కత్తితో తాడు కోసి దాన్ని దించాడు. మేమిద్దరం ఆ సంగతి అత్తకు చెప్పలేదు.

నాలుగో రోజు: కోరింగ

మే నెలలో కోరింగకు వెళ్లడం నా పొరపాటు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి, దాని ముందున్న బురదమేటలు డిసెంబరులో చూడాలి. సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్‌లు, రకరకాల ఉల్లంకి పిట్టలు, కింది ముక్కు పొడుగ్గా ఉండి నీటిని కోసుకుంటూ ఎగిరే స్కిమ్మర్లు, అన్నీ అప్పుడే. ఇప్పుడు స్కిమ్మర్లు ఉత్తరాన చంబల్ లాంటి నదుల ఇసుక తిన్నెల మీద, మన టెర్న్‌ల లాగే గుడ్లకు గొడుగు పడుతూ ఉంటాయి.

చెక్క వంతెన మీద రెండు గంటలు నడిస్తే దొరికినవి: బురదలో వంపు ముక్కు వలసపిట్ట వింబ్రెల్ ఒంటరిగా ఒకటి, బహుశా ఈ ఏడు ప్రయాణం మానుకున్న కుర్రపిట్ట, తెల్లమడ కొమ్మ మీద గరుడ పక్షి, లెక్కలేనన్ని దోమలు. గరుడ పక్షి మాత్రం బాగుంది. పది దాటి మేము ఆవిరైపోతుంటే, అది ఆ వేడిగాలి మీదే రెక్క కదపకుండా గుండ్రాలు తిరుగుతూ చుక్కయిపోయింది. ఎండను తిట్టుకోని జీవి ఆ రోజు అదొక్కటే. కాకినాడలో పడుకున్నాం.

ఐదో రోజు: మళ్లీ తిన్నె

తిరుగుదారిలో కోటిపల్లి వైపు నుంచి రేవు చేరేసరికి ఏడు. బాబాయ్‌కి ముందే ఫోను చేశాం. పడవ తిన్నెకు యాభై బారల దూరంలో ఉండగానే టెర్న్‌ల అరుపులు వినిపించాయి. మమ్మల్ని చూసి కాదు. మేము గుచ్చిన వెదురు కర్ర మీద, గుడ్డపీలికకు పైన, కాకి కూర్చుని ఉంది.

ఆ తిన్నె మీద చెట్టూ పుట్టా లేదు. ఎత్తుగా కూర్చుని కిందికి చూడటానికి కాకికి చోటే లేదు, మేము కర్ర గుచ్చేదాకా. టెర్న్‌లు రెండూ వంతులవారీగా దాని నెత్తిన దూకుతున్నాయి. కాకి తల వంచుతోంది, కదలడం లేదు. ఎండ ఎక్కుతోంది. గుడ్ల మీద ఎవరూ లేరు.

బాబాయ్ తెడ్డు నీటి మీద బలంగా కొట్టాడు. బావ చేతులు ఊపుతూ, చెరువుగట్టున అరిచే అరుపు అరిచాడు. కాకి లేచి కోటిపల్లి వైపు పోయింది. బాబాయ్ తిన్నె మీదికి దిగి, ఏమీ మాట్లాడకుండా, కర్ర పీకి, ఇసుక మీద పెట్టకుండా పడవలోనే వేశాడు. మేము వెనక్కి వచ్చి కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు తల్లి వాలింది, రెక్కలు దించి నిలబడింది.

"మూడూ ఉన్నాయా బాబాయ్?" అని అడిగాను.

"రెండు చూశాను. మూడోది పిల్ల అయి ఉంటుంది, లేదా కాకి తిని ఉంటుంది" అన్నాడు.

బైనాక్యులర్ పెట్టి చాలాసేపు వెతికాను. కర్ర లేని ఇసుకలో పిట్ట కాళ్ల కింద ఏముందో నాకు మళ్లీ కనిపించలేదు.